పేరు పెట్టిననాటికి పని తెలియదు: మూలకాల పేర్ల కథ

అందరికీ నమస్కారం. పిల్లలు కూడా చాలామంది వచ్చారు, చాలా సంతోషం. మూలకాల పేర్ల గురించీ, అవి రోజూ మనకి చేసిపెట్టే పనుల గురించీ మాట్లాడమన్నారు. ఆవర్తన పట్టికలో ఇప్పటికి 118 మూలకాలున్నాయి. అన్నీ చెప్పబోవడం లేదు. నాకు బాగా ఇష్టమైన కొన్నింటి దగ్గర ఆగుతాను. ఆగినచోట కాస్త ఎక్కువసేపే ఆగుతాను.

ముందు ఈ అగ్గిపెట్టె చూడండి. పుల్ల చివర మందు ఉంది, పెట్టె పక్కన గీసే పట్టీ ఉంది. భాస్వరం ఎక్కడుందని అడిగితే ఎక్కువమంది పుల్ల తలనే చూపిస్తారు. ఇలాంటి అగ్గిపుల్ల తలలో భాస్వరం ఉండదు. అక్కడుండేది పొటాషియం క్లోరేట్, గంధకం లాంటి మండే పదార్థం, వాటిని పట్టి ఉంచే జిగురు. భాస్వరం ఉండేది ఈ పక్క పట్టీలో. ఎర్ర భాస్వరాన్ని గాజుపొడితో కలిపి పూస్తారు. పుల్లని గీసినప్పుడు రాపిడి వేడికి ఆ ఎర్ర భాస్వరంలో రవ్వంత భాగం తెల్ల భాస్వరంగా మారి గాలి తగలగానే అంటుకుంటుంది. ఆ నిప్పు తలలో ఉన్న మందుకి పాకుతుంది, పొటాషియం క్లోరేట్ ఆక్సిజన్‌ని అందిస్తుంది, పుల్ల భగ్గుమంటుంది. రెండు మందుల్నీ రెండు చోట్ల విడివిడిగా పెట్టడమే ఇందులో ఉన్న తెలివి. జేబులో ఒకదానికొకటి రాసుకుని పుల్లలు వాటంతటవే అంటుకోకుండా కాపాడేది అదే.

ఈ తెలివి రాకముందు పుల్ల తలలోనే తెల్ల భాస్వరం పెట్టేవాళ్లు. ఎక్కడ గీసినా వెలిగేది. వాడేవాళ్లకి సుఖంగానే ఉండేది కానీ తయారుచేసేవాళ్ల దవడ ఎముకలు కుళ్లిపోయేవి. ఆ ఆవిరి పీల్చీ పీల్చీ వచ్చే జబ్బు అది. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, చిన్నపిల్లలు. 1888లో లండన్‌లో అగ్గిపుల్లల ఫ్యాక్టరీలో పనిచేసే అమ్మాయిలు జరిమానాల మీదా, పని పరిస్థితుల మీదా సమ్మె చేశారు. ఈ జబ్బు సంగతి జనం నోళ్లలో పడడానికి ఆ సమ్మె కూడా ఒక కారణం. 1906లో బెర్న్ నగరంలో కొన్ని దేశాలు కూర్చుని తెల్ల భాస్వరం అగ్గిపుల్లల్ని నిషేధిస్తూ ఒప్పందం చేసుకున్నాయి. ఎర్ర భాస్వరం అప్పటికి అరవై ఏళ్ల కిందటి నుంచే తెలుసు. మందు తెలిసి కూడా అంత ఆలస్యం చేశారంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

ఇక పేరు. 1669లో హాంబర్గ్‌లో హెన్నిగ్ బ్రాండ్ అనే ఆయన బంగారం తయారుచేయాలని పట్టుబట్టాడు. మూత్రం పచ్చగా ఉంటుంది కదా, అందులో బంగారం దాగుందేమో అని బానలకొద్దీ మూత్రాన్ని నిలవబెట్టి, మరిగించి, మిగిలిన ముద్దని గట్టిగా కాల్చాడు. బంగారం రాలేదు. చీకట్లో తనంతట తాను వెలిగే మైనంలాంటి పదార్థం వచ్చింది. గాలిలోని ఆక్సిజన్‌తో మెల్లమెల్లగా కలుస్తూ వచ్చే వెలుగు అది. గ్రీకులో ‘వెలుగుని మోసేది’ అనే అర్థంతో ఫాస్ఫరస్ అన్నారు. తెలుగులో మనం భాస్వరం అంటాం. భాస్వరమంటే ప్రకాశించేది. గ్రీకు మాటలో ఉన్న వెలుగుని మనవాళ్లు సంస్కృతం నుంచి తెచ్చుకున్నారు. ఆ పేరు పెట్టిన రోజున, ఆ పదార్థం మన ఎముకల్లో, పళ్లలో, ప్రతి కణంలోని డీఎన్ఏలో ఉందని ఎవరికీ తెలియదు. పెద్దవాళ్ల ఒంట్లో దాదాపు 700 గ్రాముల భాస్వరం ఉంటుంది. పంటకి వేసే ఎరువుల్లో నత్రజని, పొటాషియం పక్కన మూడోది ఇదే. బ్రాండ్ చూసింది వెలుగుని ఒక్కదాన్నే, పేరులో మిగిలిందీ అదే.

ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఇదే. పేరులో ఉండేది కనిపెట్టినవాడి కంటికి ఆ రోజు కనిపించినది. పని తరువాతి తరాలు వెతికి పట్టుకున్నది. రెంటికీ మధ్య ఒక్కోసారి వందేళ్లు, ఒక్కోసారి రెండొందల ఏళ్లు.

కొన్ని పేర్లయితే తిట్లు. జర్మనీలో సాక్సనీ ప్రాంతపు కొండల్లో వెండి తవ్వే గని కార్మికులకి ఒక రకం రాయి తగిలేది. చూడ్డానికి విలువైన ఖనిజంలాగే ఉండేది. కొలిమిలో వేస్తే వెండి రాకపోగా ఆర్సెనిక్ కలిసిన విషపు పొగ వచ్చి మనుషులు జబ్బుపడేవాళ్లు. గనుల్లో తిరిగే కోబోల్డ్ అనే పిశాచి వెండిని ఎత్తుకుపోయి ఈ పాడు రాయిని పెట్టిపోయిందని వాళ్ల నమ్మకం. ఆ రాయిని గాజులో కలిపితే చక్కటి నీలం వస్తుందని మాత్రం పాతకాలం నుంచీ తెలుసు. ఆ నీలానికి కారణం ఒక కొత్త లోహమని 1735 ప్రాంతంలో స్వీడన్‌కి చెందిన గియోర్గ్ బ్రాంట్ తేల్చాడు. పేరు పిశాచిదే ఉండిపోయింది, కోబాల్ట్.

నికెల్‌దీ అదే వరస. రాగి రంగులో కనిపించి రాగి ఇవ్వని ఖనిజాన్ని గనివాళ్లు కుప్ఫర్‌నికెల్ అన్నారు. కుప్ఫర్ అంటే రాగి, నికెల్ అంటే కొంటె దయ్యం. 1751లో స్వీడన్ రసాయనవేత్త క్రోన్‌స్టెట్ అందులోంచి కొత్త లోహం తీసి, రాగి మాట కొట్టేసి, దయ్యం మాట ఉంచాడు.

కోబాల్ట్ దగ్గర ఇంకాస్త ఆగాలి. విటమిన్ బి12 అణువు మధ్యలో ఒక్క కోబాల్ట్ పరమాణువు ఉంటుంది. ఆ విటమిన్ లేకపోతే రక్తం సరిగ్గా తయారవదు, నరాలు దెబ్బతింటాయి. అంత పెద్ద అణువు నిర్మాణాన్ని ఎక్స్-కిరణాలతో విప్పి చూపించిన డొరొతీ హాజ్‌కిన్‌కి 1964లో నోబెల్ వచ్చింది. కోబాల్ట్-60 నుంచి వచ్చే గామా కిరణాలతో క్యాన్సర్‌కి చికిత్స చేశారు, చేస్తున్నారు. 1980లో జాన్ గుడెనఫ్ బృందం లిథియం కోబాల్ట్ ఆక్సైడ్‌ని బ్యాటరీకి పనికొచ్చేలా చేసింది. మన ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు ఆ దారినే వచ్చాయి. ప్రపంచానికి కావలసిన కోబాల్ట్‌లో సగానికి పైగా ఇప్పుడు కాంగో దేశపు గనుల నుంచే వస్తోంది. అక్కడ చేత్తో తవ్వే చిన్న గనుల్లో పిల్లలు కూడా పనిచేస్తున్నారని ఎన్నో ఏళ్లుగా వార్తలొస్తున్నాయి. పేరులో పిశాచి ఉందని ఆశ్చర్యపోయే మనం ఈ సంగతి కూడా తెలుసుకోవాలి.

కొన్ని పేర్లలో తప్పులున్నాయి. అందులో అన్నిటికంటే పెద్దది ఆక్సిజన్. ఆమ్లాలన్నిటిలోనూ ఈ వాయువు ఉండి తీరుతుందని ఫ్రాన్స్ రసాయనవేత్త లవాజియే నమ్మాడు. అందుకే ‘ఆమ్లాన్ని పుట్టించేది’ అనే అర్థం వచ్చేలా గ్రీకు మాటలు కలిపి పేరు పెట్టాడు. 1810లో ఇంగ్లండ్ రసాయనవేత్త హంఫ్రీ డేవీ, హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజన్ లేనే లేదనీ, క్లోరిన్ వేరే మూలకమనీ వాదించి నిలబెట్టాడు. ఆ క్లోరిన్‌కి పేరు పసుపు కలిసిన దాని ఆకుపచ్చ రంగుని బట్టి పెట్టిందీ ఆయనే. లవాజియే ఊహ కూలిపోయింది, పేరు మాత్రం అప్పటికే పాతుకుపోయింది. పాత తెలుగు సైన్సు పుస్తకాల్లో ఆమ్లజని అని ఉంటుంది. లవాజియే చేసిన పొరపాటు అలాగే తెలుగులోకి నడిచి వచ్చిందన్నమాట. హైడ్రోజన్‌ని ఉదజని అన్నారు, అంటే నీటిని పుట్టించేది అని. అందులో తప్పు లేదు. హైడ్రోజన్ మండితే నీరే వస్తుంది. ఆక్సిజన్‌కి మనవాళ్లు వాడే ఇంకో మాట, ప్రాణవాయువు, నన్నడిగితే అసలు పేరు కంటే సరైనది.

తగరం, సీసం, ఇనుము, బంగారం లాంటివి ఏనాటివో. వాటి పేర్లు ఎవరు పెట్టారో చెప్పే అవకాశం లేదు. వాటిని వదిలేసి రంగుల దగ్గరికి వెళ్దాం.

1860 ప్రాంతంలో హైడల్‌బర్గ్‌లో బున్సెన్, కిర్కాఫ్ అనే ఇద్దరు మిత్రులు ఒక కొత్త పద్ధతి పట్టుకున్నారు. ఏ పదార్థాన్నయినా మంటలో పెట్టి, ఆ వెలుగుని పట్టకం గుండా చూస్తే రంగు గీతలు కనిపిస్తాయి. ఒక్కో మూలకానికి ఒక్కో గీతల వరస, ఒకదానిది ఇంకోదానికి ఉండదు. డ్యుర్క్‌హైమ్ అనే ఊరి ఊటనీటిలో వాళ్లకి అంతవరకు ఎవరూ చూడని నీలి గీతలు కనిపించాయి. ఆ మూలకం నీటిలో ఎంత తక్కువగా ఉందంటే, దాని లవణం కొన్ని గ్రాములు చేతికి రావడానికి బున్సెన్ 40 టన్నులకు పైగా నీటిని ఇగిర్చాల్సి వచ్చింది. ఆకాశనీలం అనే లాటిన్ మాట నుంచి దానికి సీజియం అని పేరు పెట్టారు. మరుసటి ఏడాది ముదురు ఎరుపు గీతలతో రుబీడియం దొరికింది.

సీజియం ఇప్పుడేం చేస్తోందంటే, సెకను ఎంతసేపో అదే చెబుతోంది. 1967 నుంచి సెకను నిర్వచనం ఇది: సీజియం-133 పరమాణువు రెండు స్థితుల మధ్య మారేటప్పుడు వచ్చే తరంగం 919 కోట్ల 26 లక్షల 31 వేల 770 సార్లు ఊగడానికి పట్టే కాలం. ఫోన్‌లో మ్యాప్ పెట్టుకుని దారి చూసుకుంటాం కదా, దానికి సంకేతాలు పంపే ఉపగ్రహాల్లో సీజియం గడియారాలో, రుబీడియం గడియారాలో ఉంటాయి. సెకనులో పదిలక్షలో వంతు తేడా వస్తే చాలు, మనం ఉన్న చోటు 300 మీటర్లు తప్పిపోతుంది. కాంతి ఆ కాస్తలోనే అంత దూరం పోతుంది మరి.

గీతల కథల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇండియం. 1863లో ఫ్రైబర్గ్‌లో ఫెర్డినాండ్ రైష్ జింకు ఖనిజాన్ని పరీక్షిస్తున్నాడు. వర్ణపటంలో, అంటే పట్టకం గుండా కనిపించే రంగుల పట్టీలో, గీత ఏ రంగులో ఉందో చూడాలి, ఆయనకేమో రంగులు సరిగ్గా కనబడవు. అందుకని రిక్టర్ అనే సహచరుణ్ణి చూడమన్నాడు. రిక్టర్‌కి నీలిమందు రంగులో మెరిసే గీత ఒకటి కనిపించింది. నీలిమందుని లాటిన్‌లో ఇండికం అంటారు, అంటే ఇండియా నుంచి వచ్చేది అని. అలా ఇండియం అయింది. దానికి పెద్ద పని దొరకడానికి చాలాకాలం పట్టింది. ఇండియం ఆక్సైడ్‌లో కాస్త తగరం ఆక్సైడ్ కలిపి గాజు మీద పల్చటి పొరగా పరిస్తే అది కంటికి కనిపించదు, కరెంటుని మాత్రం పోనిస్తుంది. రెండు గుణాలూ ఒకేచోట ఉండే పదార్థాలు చాలా అరుదు. ఫోన్ తెర మీద మీరు వేలు పెట్టినప్పుడు, వేలు ఆనిన చోట విద్యుదావేశం కొద్దిగా మారుతుంది. ఆ మార్పుని పసిగట్టేది ఈ పొరే. ఈ సభలో కూడా చాలామంది వేలికీ వెలుగుకీ మధ్య ఆ పొర ఉండే ఉంటుంది.

హీలియం కథ కూడా వర్ణపటంలోదే. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ గుంటూరులో, మద్రాసు వేధశాల నుంచి పోగ్సన్ మచిలీపట్నంలో దుర్భిణులు పెట్టుకుని చూశారు. సూర్యుడి అంచున ఎగిసే జ్వాలల వర్ణపటంలో పసుపు గీత ఒకటి కనబడింది. అది సోడియం గీత ఉండే చోట సరిగ్గా కూర్చోలేదు. అదే ఏడాది ఇంగ్లండులో నార్మన్ లాక్యర్ గ్రహణం లేకుండానే ఆ గీతని చూసి, ఇది భూమ్మీద తెలియని మూలకమై ఉంటుందన్నాడు. సూర్యుడికి గ్రీకు పేరు హీలియోస్, దాన్నుంచి హీలియం. సోడియం, పొటాషియంలాగా చివర ‘ఇయం’ తగిలించారు, లోహం అనుకుని. 1895లో విలియం రామ్సే యురేనియం ఖనిజంలోంచి దాన్ని బయటికి తీశాక తెలిసింది అది వాయువని. ఆ తరువాత ఆయనే తన సహచరులతో కలిసి కనిపెట్టినవాటికి నియాన్, క్రిప్టాన్, జెనాన్ అని తోక సరిచేసి పెట్టారు. కొత్తది, దాక్కున్నది, పరాయిది అని వాటి అర్థాలు. అంతకుముందే దొరికిన ఆర్గాన్ అంటే బద్ధకస్తుడు, దేనితోనూ కలవదు కాబట్టి.

హీలియం అనగానే అందరికీ బెలూన్లే గుర్తొస్తాయి. దాని అసలు కష్టం ఆసుపత్రిలో ఉంది. ఎంఆర్ఐ యంత్రంలో ఉన్న పెద్ద అయస్కాంతం, కరెంటుని నిరోధం లేకుండా పోనిచ్చే తీగచుట్ట. ఆ తీగ అలా పనిచేయాలంటే మైనస్ 269 డిగ్రీల చలి కావాలి. అంత చలిలో కూడా ద్రవంగా నిలిచేది హీలియం ఒక్కటే. భూమి లోపల యురేనియం, థోరియం పరమాణువులు క్షయమవుతూ, అంటే తమంతట తాము విచ్ఛిన్నమవుతూ, కోట్ల ఏళ్లుగా విడుదల చేసిన హీలియం సహజవాయువుతో పాటు బయటికొస్తుంది. గాలిలోకి వదిలేస్తే పైకి పోయి చివరికి అంతరిక్షంలో కలిసిపోతుంది, మళ్లీ చేతికి రాదు. బెలూన్లలో నింపడం చూస్తే నాకు మనసొప్పదు.

ఇప్పుడు ఒక పల్లెటూరు. స్టాక్‌హోమ్ దగ్గర దీవుల్లో ఇట్టర్‌బీ అని ఉంది. పింగాణీకి పనికొచ్చే రాయి తవ్వే క్వారీ అక్కడుండేది. 1787లో అర్హీనియస్ అనే సైనికాధికారికి అక్కడ బొగ్గులా నల్లగా, చాలా బరువుగా ఉన్న రాయి దొరికింది. 1794లో గడోలిన్ అనే రసాయనవేత్త దాన్ని పరీక్షించి అందులో కొత్త పదార్థం ఉందన్నాడు. ఇక అక్కడి నుంచి వందేళ్లకు పైగా రసాయనవేత్తలు ఆ రాయిని విడదీస్తూనే ఉన్నారు. ఒకటి అనుకున్నది రెండయ్యేది, రెండు మూడయ్యేవి. ఇట్రియం, టెర్బియం, ఎర్బియం, ఇటెర్బియం, నాలుగింటికీ ఆ ఒక్క ఊరి పేరే. ఊరి పేరుని ముక్కలు చేసి పంచిపెట్టారు. మధ్యలో టెర్బియం, ఎర్బియం పేర్లు ఒకదానికొకటి తారుమారు కూడా అయ్యాయి. గడోలిన్ పేరు మీద తరువాత గడోలినియం వచ్చింది. ఎంఆర్ఐ తీసేటప్పుడు కొందరికి ఎక్కించే మందులో ఉండేది అదే.

ఎర్బియం గురించి చెప్పకుండా ముందుకి పోలేను. సముద్రం అడుగున వేసిన గాజు తీగల్లో వెలుగు రూపంలో ఇంటర్నెట్ పరుగెడుతుంది. పదుల కిలోమీటర్లు పోయేసరికి ఆ వెలుగు నీరసిస్తుంది. గాజులో కాస్త ఎర్బియం కలిపి, దానికి పక్క నుంచి లేజరుతో శక్తి అందిస్తే, వచ్చిన బలహీనమైన వెలుగుని అది అదే రంగులో, అదే లయలో పెంచి ముందుకి పంపుతుంది. వెలుగుని కరెంటుగా మార్చి మళ్లీ వెలుగు చేసే అవస్థ తప్పింది. 1987లో ఇది సాధ్యమైంది. ఎర్బియం పెంచగలిగే వెలుగు తరంగదైర్ఘ్యం, గాజు తీగలో అతి తక్కువ నష్టంతో పోయే వెలుగు తరంగదైర్ఘ్యం, రెండూ దాదాపు 1.55 మైక్రోమీటర్ల దగ్గరే ఉండడం మన అదృష్టం. ఎల్ఈడీ దీపాల్లో నీలి వెలుగులో కొంత భాగాన్ని పసుపుగా మార్చి, మొత్తం తెల్లగా కనిపించేలా చేసే పొడిలో ఉండేది అదే ఊరి ఇట్రియం.

ఆ నీలి వెలుగుని ఇచ్చేది గాలియం నైట్రైడ్. గాలియంని 1875లో ఫ్రాన్స్‌కి చెందిన లెకాక్ ద బ్వాబోద్రాన్ కనిపెట్టి, తన దేశపు పాత పేరు గాలియా మీద పెట్టాడు. లాటిన్‌లో గాలుస్ అంటే కోడిపుంజు, ఫ్రెంచిలో లె కాక్ అన్నా కోడిపుంజే. తన పేరే దొంగతనంగా పెట్టుకున్నాడని కొందరు అనుమానించారు, ఆయన కాదన్నాడు. ఇక్కడ ముఖ్యమైంది ఇంకొకటి. మూలకాల్ని గళ్లలో పేర్చి ఆవర్తన పట్టిక తయారుచేసిన రష్యా శాస్త్రవేత్త మెండలీవ్, అల్యూమినియం కింద గడి ఖాళీగా ఉందనీ, అక్కడికి వచ్చే లోహం ఎలా ఉంటుందో ఇదిగో అనీ నాలుగేళ్ల ముందే రాసిపెట్టాడు. లెకాక్ కొలిచి సాంద్రత 4.7 అన్నాడు. మెండలీవ్ ఆ లోహాన్ని కంటితో చూడకుండానే, 5.9 దగ్గర రావాలి, మీ నమూనా శుద్ధంగా లేదేమో చూడండని కబురు పెట్టాడు. లెకాక్ మళ్లీ శుద్ధిచేసి కొలిస్తే 5.9 వచ్చింది. చదివిన ప్రతిసారీ ఒళ్లు పులకరిస్తుంది నాకు. గాలియం దాదాపు 30 డిగ్రీలకే కరుగుతుంది, అరచేతిలో పెట్టుకుంటే నీరవుతుంది. దాంతో నీలి ఎల్ఈడీ తయారుచేసిన అకసాకి, అమానో, నకమురాలకి 2014లో నోబెల్ ఇచ్చారు.

దేశం పేరు పెట్టుకోవడం ఒక్కోసారి గర్వం, ఒక్కోసారి బాధ. 1898లో మేరీ క్యూరీ, పియరీ క్యూరీ కొత్త మూలకానికి పొలోనియం అని పెట్టినప్పుడు పోలండ్ అనే దేశం పటంలో లేదు. రష్యా, జర్మనీ, ఆస్ట్రియా దాన్ని పంచేసుకున్నాయి. లేని దేశాన్ని ఆమె ఆవర్తన పట్టికలో నిలబెట్టింది. పోలండ్ మళ్లీ స్వతంత్ర దేశమైంది 1918లో.

చివరికి, మనిషి తయారుచేసినవి. మెండలీవ్ ఖాళీ ఉంచిన గడుల్లో 43వది ఎవరికీ దొరకలేదు. దాని ఐసోటోపులన్నీ, అంటే బరువులో తేడా ఉన్న దాని పరమాణువుల రకాలన్నీ, క్షయమైపోయేవే. 1937లో ఇటలీలో పెరియే, సెగ్రే, అమెరికాలోని బర్క్‌లీలో కణాల వేగం పెంచే సైక్లోట్రాన్ అనే యంత్రంలో వాడేసిన మాలిబ్డినం రేకుని తెప్పించుకుని అందులో దాన్ని పట్టుకున్నారు. కృత్రిమమైనది అని టెక్నీషియం అన్నారు. గుండె, ఎముకలు, థైరాయిడ్ స్కాన్‌కి ఇచ్చే ఇంజక్షన్‌లో ఎక్కువగా ఉండేది టెక్నీషియం-99ఎం. దాని అర్ధాయువు, అంటే ఉన్నదాంట్లో సగం క్షయమవడానికి పట్టే కాలం, 6 గంటలే, నిలవబెట్టడం కుదరదు. అందుకని 66 గంటల అర్ధాయువున్న మాలిబ్డినం-99ని సీసం గోడల పెట్టెలో పెట్టి ఆసుపత్రికి పంపుతారు. అందులో పుడుతూ ఉండే టెక్నీషియంని ఉప్పునీటితో కడిగి, కావలసినప్పుడల్లా తీసుకుంటారు. ఆ పెట్టెని వాళ్లు ఆవు అనీ, తీయడాన్ని పాలు పితకడమనీ అంటారు.

అమెరీషియం సంగతి రెండు మాటల్లో. ఆవర్తన పట్టికలో యూరోపియం కింద పడింది కాబట్టి ఒక ఖండం కింద ఇంకో ఖండం పేరు పెట్టారు. పొగని పసిగట్టి మోత మోగించే కొన్ని రకాల పెట్టెల్లో ఒక మైక్రోగ్రాము కూడా లేని అమెరీషియం ఉంటుంది. అది రెండు పలకల మధ్య గాలిలో సన్నగా కరెంటు పారేలా చేస్తుంది. పొగ దూరితే కరెంటు తగ్గుతుంది, అలారం మోగుతుంది.

118వది ఒగనెసాన్. ఆ పేరు రష్యా శాస్త్రవేత్త యూరి ఒగనెస్యాన్‌ది, ఆయన బతికుండగానే 2016లో ఆ గౌరవం దక్కింది. అంతకుముందు బతికుండగా తన పేరుని పట్టికలో చూసుకున్నవాడు అమెరికా శాస్త్రవేత్త గ్లెన్ సీబోర్గ్. ఒగనెసాన్ పరమాణువులు ఇంతవరకు లెక్కపెట్టగలిగినన్నే పుట్టాయి, అవి సగటున సెకనులో వెయ్యో వంతు ప్రాంతంలోనే మాయమైపోయాయి. దాని రంగేమిటో, వాయువో ఘనమో చూసినవాళ్లు లేరు. 119, 120 కోసం ప్రయోగశాలలు పని మొదలుపెట్టాయి. దొరికితే పేరు సూచించే హక్కు కనిపెట్టినవాళ్లదే. అంతర్జాతీయ నియమం ప్రకారం పురాణగాథ, ఖనిజం, ఊరు లేదా దేశం, మూలకపు గుణం, శాస్త్రవేత్త పేరు, ఈ ఐదింటిలోంచే ఎంచుకోవాలి.

నేను ఇక్కడ ఆపుతాను. ప్రశ్నలకి చాలా సమయం ఉంది. ముందు పిల్లలు అడగండి.